దేశము ఇంటిపేరైన గాయకుడు

తమిళనాట సంగీతజ్ఞుల పేర్లకు ముందు ఊరి పేరు చేర్చి పలుకుట పాత మర్యాద. సెమ్మంగుడి శ్రీనివాసయ్యరు, సీర్గాళి గోవిందరాజన్, తిరుచ్చి లోగనాథన్ అనగానే మనిషితోపాటు ఆయన సొంత ఊరు కూడ తెలిసిపోవును. మనలో ఇంటిపేరు చేయు పనిని అక్కడ ఊరి పేరు చేయుచుండును. ఈ వరుసలో ఊరికి మారుగా ఒక దేశమునే పేరు ముందు నిలుపుకొన్న గాయకులొకరు కలరు. ఆయన మలేషియా వాసుదేవన్. తమిళ చిత్రగీతముల రికార్డులు తిరుగవేయునప్పుడెల్ల ఆ పేరు మా కంటబడుచునే ఉండును. అచ్చమైన పల్లెపాట పాడిన మనిషి పేరులో సముద్రమునకు ఆవలనున్న దేశమెట్లు చేరినదని మాకు వింత గొలిపెడిది.

ఆ పేరు వెనుక చరిత్ర వెదకబోయినచో వింత ఇంకను పెరుగును. వాసుదేవన్ జన్మించినది 1944 జూన్ 15. అప్పటికి ప్రపంచ పటములో మలేషియా అను దేశమే లేదు. మలయా అని పిలువబడిన ఆ భూమి నాడు జపాను సైన్యముల చేతిలో ఉన్నది. 1945లో అది మరల ఆంగ్లేయుల పాలైనది. 1957 ఆగస్టు 31న స్వతంత్రమైనది. మలేషియా అను రాజ్యము ఏర్పడినది 1963 సెప్టెంబరు 16న. అనగా వాసుదేవన్ తన పేరులోని దేశము కంటె పంతొమ్మిదేండ్లు పెద్దవారు. ఇక ఆయన తల్లిదండ్రులో, తమిళులు కారు; కేరళములోని పాలక్కాడు ప్రాంతము నుండి వెళ్లిన మలయాళీలు. ఇట్టి మనిషి తమిళ పల్లెకు గొంతు ఎట్లైనారు? ఈ ప్రసంగములో మేము పరిశీలింపగోరునది అదియే.

మలయాకు మనవారు పోయిన కథ కొంత చెప్పుకొనవలెను. మన కోస్తా జిల్లాల వారికి పొట్ట చేత పట్టుకొని పోవుటకు రంగము ఎట్లో, తమిళులకు పినాంగు అట్లు. రబ్బరు తోటలు విస్తరించిన కొలది కంగాణీలు పల్లెలకు వచ్చి కూలీలను కూర్చుకొని పోయెడివారు. తోటలలో కష్టించినవారిలో అత్యధికులు తమిళులు. లెక్కలు వ్రాయు గుమాస్తాలలో మలయాళీలు ఎక్కువ. విశాఖపట్నము, గోదావరి జిల్లాల నుండి పోయిన తెలుగువారును కలరు. పేరాకు ప్రాంతపు కొబ్బరి తోటలలో వారి కుటుంబములు స్థిరపడినవి. మదరాసు, నాగపట్టణము రేవుల నుండి పినాంగు మీదుగా సింగపూరునకు తిరిగిన 'రజుల' అను స్టీమరు 1926 మొదలు 1973 వరకు ఆ జనమును అటునిటు మోసినది. ఆ ఓడ పేరు ఎత్తినచో కంట తడి పెట్టుకొను వృద్ధులు మూడు భాషల వారిలోను ఉండిరి.

ఈ మూడు భాషల వారికి తోటలలో ఉమ్మడి మాట తమిళమే అయినది. 1923 నాటి కార్మిక చట్టము ప్రకారము బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో యజమాని బడి పెట్టవలెను. అట్లు పెట్టిన బడులలో పెక్కు తమిళ బడులు. మలయాళీ బిడ్డయు, పలుచోట్ల తెలుగు బిడ్డయు అక్కడనే ఓనమాలు దిద్దినారు. ఇంటిలో ఒక భాష, వీధిలో తమిళము, కచేరీలో ఇంగ్లీషు, అంగడిలో మలయు. వాసుదేవన్ పుట్టిన సంవత్సరము మరీ గడ్డుది. తోటల నుండి వేలాది తమిళ, తెలుగు కూలీలను జపానువారు సయాము-బర్మా రైలుమార్గపు పనికి తరలించిన కాలమది. పోయినవారిలో తిరిగి రానివారే అనేకులు. అట్టి చోట మిగిలినవారికి భజన, నాటకము, పాట వట్టి వినోదములు కావు. తాము ఇంకను ఒక జాతిగా బ్రతికియున్నామని తెలుపుకొనుటకు ఉన్న సాధనములు అవియే.

1946లో రేడియో మలయా ఆరంభమైనప్పుడు మలయు, ఇంగ్లీషు, చైనా భాషలతోపాటు తమిళమునకు కూడ చోటు లభించినది. మదరాసులో తీసిన చిత్రములు అక్కడి కొట్టాయిలలో ఆడినవి, గ్రామఫోను రికార్డులు అంగళ్లలో అమ్ముడుపోయినవి. తంజావూరు వరి చేనును కన్నెత్తి చూడని పిల్లవాడు కూడ దానిపై పాట పాడగలుగుట ఇందువలననే. వాసుదేవన్ యౌవనమున ఒక తమిళ నాటక బృందములో చేరినారు. నటన, గానము రెండును అక్కడ అలవడినవి. ఆ మలయా నాటకరంగములోని వారే 'రత్తపేయ్' అను నాటకమును చిత్రముగా తీయ సంకల్పించి మదరాసు వచ్చినప్పుడు, అందు నటించుటకు ఆయనయు వచ్చినారు. అనగా మదరాసులో ఆయన మొదట అడుగు పెట్టినది గాయకుడుగా కాదు, నటుడుగా. ఆ పిమ్మట ఉండిపోయినారు.

ఆ రోజులలో మదరాసు పాటల గదులలో బయటివాడు అడుగు మోపుట సామాన్యము కాదని కొందరందురు. మేము దానిని పూర్తిగా అంగీకరింపజాలము. తమిళ చిత్రములకు గొంతునిచ్చిన వారిని లెక్కించి చూచినచో బయటివారే సగము. చిత్తూరు జిల్లా రామాపురమున పుట్టిన ఎ.ఎం. రాజా, కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్, విజయనగరపు సుశీల, గుంటూరు సీమ జానకి, నెల్లూరి బాలసుబ్రహ్మణ్యము, కేరళపు ఏసుదాసు. తమిళ శ్రోతలు వీరినెవరిని పరాయివారని త్రోసివేయలేదు. మెచ్చుకొనవలసిన గుణమిది. అయితే ఒక్కటి గమనింపవలెను. వీరందరు నాగరకమైన, తీర్చి దిద్దిన గొంతులవారు. మృదువుగా పాడవలసిన చోట వీరికి పిలుపు వచ్చెడిది. మట్టి వాసన గల పాటకు మాత్రము మదురైలో పుట్టిన టి.ఎం. సౌందరరాజన్ వంటి ఖంగుమను కంఠమునే జనము కోరెడివారు. పల్లె పాట పల్లె వాడే పాడవలెనన్నది వ్రాయని శాసనము.

వాసుదేవన్‌కు మొదటి కొన్నేండ్లు చిన్న చిన్న అవకాశములే దొరకినవి. జి.కె. వెంకటేశ్, వి. కుమార్ వంటి సంగీత దర్శకులు 1970 దశకపు తొలినాళ్లలో పాడించినారు. వీరిలో వెంకటేశ్ మనకు 'అమెరికా అమ్మాయి' చిత్రమునకు సంగీతము కూర్చిన ఆయనయే. 1973లో 'భారత విలాస్' చిత్రములో ఎం.ఎస్. విశ్వనాథన్ పలువురు గాయకులు కలిసి పాడు దేశభక్తి గీతమున ఆయనకు ఒక చరణపు భాగమిచ్చినారు. సౌందరరాజన్, సుశీల వంటి పెద్దల నడుమ క్రొత్తవాని గొంతు ఎంత వినబడును? ఆ సమయమున ఆయనకు ఆధారమైనది కచేరి వేదిక. తేని ప్రాంతపు పణ్ణైపురము నుండి వచ్చిన అన్నదమ్ములు 'పావలర్ సోదరులు' అను పేర వాద్యబృందము నడుపుచుండిరి. వాసుదేవన్ వారితో కలిసి వేదికలపై పాడినారు. ఆ అన్నదమ్ములలో ఒకరు వెంకటేశ్ వద్ద సహాయకుడుగా పనిచేయుచుండిన రాసయ్య. 1976లో 'అన్నక్కిళి' చిత్రముతో ఆయనయే ఇళయరాజా అయినారు.

మరుసటి సంవత్సరము, 1977 సెప్టెంబరు 15న, భారతిరాజా తొలి చిత్రము '16 వయదినిలే' విడుదలైనది. తమిళ చిత్రము స్టూడియోలోని అట్ట గుడిసెలను విడిచి నిజమైన ఎండలోనికి వచ్చినది దీనితోనే అని చెప్పుదురు. అందు అమాయకుడైన చప్పాణి పాత్రకు పాడవలసినవారు మన బాలసుబ్రహ్మణ్యము. సరిగా పాట రికార్డు చేయు వేళకు ఆయన గొంతు వాచి పాడలేని స్థితి ఏర్పడినది. ఇళయరాజా తన పాత వేదిక మిత్రుని పిలిచినారు. రెండు పాటలు. ఒకటి తెలివితక్కువ పిల్లవాని ఆటపాట. రెండవది సుశీలతో కలిసి పాడిన యుగళగీతము. ఆ రెండు పాటలతో మలేషియా వాసుదేవన్ అను పేరు తమిళనాట ఊరూర మారుమ్రోగినది.

ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ చిత్రము ఎక్కడ తీయబడినది? కర్ణాటకములోని కొళ్ళేగాలము ప్రాంతమున. పాడినది ఎవరు? మలయాలో పుట్టిన మలయాళీ. అయినను తమిళ పల్లెవాడు ఆ చిత్రమును చూచి ఇది మా ఊరే అనినాడు, ఆ పాటను విని ఇది మా గొంతే అనినాడు. ఇది మోసమా? కానే కాదని మా అభిప్రాయము. ఒక జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఆ జిల్లా యాసను విడువజాలడు. మలయా తోటలలోనో, తంజావూరువాడు, సేలమువాడు, రామనాథపురమువాడు ఒకే పందిరి క్రింద చేరినారు. అక్కడి తమిళము ఏ ఒక్క ఊరిది కాదు, అన్ని ఊళ్లది. వాసుదేవన్ పలుకులో ఏ తమిళునికైనను తన ఊరు వినబడుటకు కారణము ఇదియే కావచ్చును. వలసపోయినవాని పాటలో ఊరిపై బెంగ ఒకటి దాగి ఉండును గదా. స్వదేశమున కూర్చున్నవానికి అది రాదు.

గొంతు విషయము మా వృత్తికి సంబంధించినది గనుక ఒక మాట. ఆయనది శిక్షణతో నునుపెక్కిన కంఠము కాదు. ఛాతి నుండి వెడలు బరువైన స్వరము. పై స్థాయికి పోయినప్పుడు సన్నబడక విచ్చుకొనెడిది. మైకు ముందు నాటక వేదికపై నిలిచినట్లు పాడుదురు. మాట ముందు, రాగము వెనుక. నాటకరంగము నుండి వచ్చినవారికి ఈ లక్షణము సహజము. చివరి వరుసలోని ప్రేక్షకునికి కూడ మాట అందవలెను గదా. అందుచేత ఆయన పాటలో నవ్వు, వెటకారము, మందలింపు స్పష్టముగా వినబడును. 1980లో వచ్చిన 'మురట్టుక్కాళై' చిత్రములో రజనీకాంతునకు ఆయన పాడిన పాట ఇందుకు మేలైన ఉదాహరణ. జంకు లేని పల్లె పడుచువాని పొగరు అంతయు ఆ గొంతులో పలికినది.

అయినను ఆయనను మోటు పాటలకే పరిమితము చేయుట అన్యాయము. 1979లో 'ధర్మయుద్ధము' చిత్రమున చెల్లెలిపై అన్న వాత్సల్యమును చాటు పాటను, 1981లో 'పన్నీర్ పుష్పంగళ్' చిత్రమున వేసవి గాలిని గూర్చిన పాటను వినుడు. రెండవది గిటారు మీద సాగు సుకుమారమైన రచన. ముందు చెప్పిన ఖంగుమను కంఠము ఇందు దాదాపు గుసగుసగా మారినది. మాకు ఆయన పాటలన్నిటిలో అత్యంత ప్రియమైనది ఇదియే.

పాశ్చాత్య ఛాయలు గల తేలిక సంగీతము, నేడు పాప్ అని పిలుచునది, ఆయనకు క్రొత్త కాదు. ఓడరేవుల ఊళ్లలో పెరిగినవారి చెవికి పలు దేశముల తాళములు సోకకుండునా? ఇచ్చట మరియొక ప్రవాసిని స్మరింపవలెను. సింహళమున తమిళ పాప్ పాటకు చక్రవర్తి యని పేరొందిన ఎ.ఇ. మనోహరన్ మదరాసు వచ్చి సిలోన్ మనోహర్ అయినారు. చిత్రములలో ప్రతినాయక పాత్రలు కూడ ధరించినారు. పోర్చుగీసువారి కాలము నుండి సింహళ తీరమున వేళ్లూనిన బైలా అను గంతుపాటల ఫక్కిలో ఆయన పాడిన 'సురాంగని' సముద్రము దాటి వచ్చి తమిళులను ఊపివేసినది. ఆ పాటనే 1977లో 'అవర్ ఎనక్కే సొందం' చిత్రములో ఇళయరాజా వాడుకొనగా, పాడినవారు ఎవరనుకొన్నారు? మన వాసుదేవనే, రేణుక అను గాయనితో కలిసి. సింహళ దేశపు పాట, మలయా గొంతు, మదరాసు రికార్డు! '16 వయదినిలే' వచ్చిన సంవత్సరమే ఇదియు జరిగినది. ఒకే ఏట ఒకే మనిషి పల్లెకు ఒక గొంతు, రేవుపట్నమునకు ఒక గొంతు అయినారు.

ఆయన జీవితమున శిఖరము వంటిది 1985వ సంవత్సరము. శివాజీ గణేశనుకు 1954 నాటి 'తూక్కుత్తూక్కి' మొదలుకొని తెరపై పాడుచు వచ్చినది సౌందరరాజన్. ఆ నటుని ముఖము నుండి ఆ గొంతును విడదీయుట దైవద్రోహమని తలచువారు ఉండిరి. భారతిరాజా 'ముదల్ మరియాదై' చిత్రములో శివాజీని వయసు మళ్లిన పల్లె పెద్దగా చూపదలచినప్పుడు, ఇళయరాజా ఆ పాత్రకు వాసుదేవన్ గొంతును ఎన్నుకొన్నారు. తోడుగా పాడినది ఎస్. జానకి. రంకెలు లేవు, ఆర్భాటము లేదు. అలసిన మనిషి తనలో తాను అనుకొనునట్లు పాడినారు. ఆ చిత్రపు గీతరచనకు వైరముత్తుకు జాతీయ బహుమతి లభించినది. గాయకునికి రాలేదు. దానికి మేము నొచ్చుకొన్నను, మూడు దశాబ్దముల అలవాటును ఒక్క పాటతో మాన్పించుట ఏ బహుమతికిని తీసిపోదు.

ఆ చిత్రము తెలుగున 'ఆత్మబంధువు' అను పేర వచ్చినది. మనవారు ఆ బాణీలను నేటికిని మరువలేదు. అయితే తెలుగున ఆ పాటలు పాడినవారు బాలసుబ్రహ్మణ్యము. ఎనిమిదేండ్ల క్రిందట బాలు గొంతు వాచగా వాసుదేవన్‌కు చేరినది పాట. ఇప్పుడు వాసుదేవన్ తమిళమున పాడినది తెలుగున బాలు చేతికి చేరినది. ఇందులో ఎక్కువ తక్కువలు వెదుకుట మాకు ఇష్టము లేదు. ఎవరి భాషలో వారిది ఒప్పిదము. కాని తెలుగు శ్రోతకు వాసుదేవన్ గొంతు పెద్దగా పరిచయము కాకపోవుటకు ఇదియొక కారణము.

ముఖము మాత్రము పరిచయమైనది. అదే 1985లో వచ్చిన 'ఒరు కైదియిన్ డైరీ' చిత్రమున దుష్టుడైన రాజకీయవాదిగా ఆయన నటించినారు. అది మనకు 'ఖైదీ వేట'గా వచ్చినది. డబ్బింగు చిత్రము గనుక ఆ పాత్ర మాటలు వేరొకరివి. గొంతు అమ్మి బ్రదికిన మనిషి తెలుగునాటికి గొంతు లేకుండ వచ్చుట విధి చేసిన పరిహాసము గాక మరేమి? నటుడు కావలెనని మదరాసు వచ్చిన వానికి ఆ కోరిక కొంత ఆలస్యముగా తీరినది. ఎనుబదికి పైగా చిత్రములలో నటించినారని, ఎనిమిది వేల వరకు పాటలు పాడినారని చెప్పుదురు. కొన్ని చిత్రములకు సంగీతము కూర్చినారు. 1991లో 'నీ సిరిత్తాల్ దీపావళి' అను చిత్రమునకు దర్శకత్వము వహించినారు. ఆ ప్రయత్నము ఆయనకు కలిసి రాలేదు. తమిళనాడు ప్రభుత్వము కలైమామణి బిరుదముతో సత్కరించినది.

1992 తరువాత తమిళ చిత్రసంగీతపు నడక మారిపోయినది. ఎ.ఆర్. రహమాన్ వచ్చినారు, యంత్రములు వచ్చినవి, గాయకులు క్రొత్తవారైనారు. కాని మరుసటి ఏడు భారతిరాజా 'కిళక్కు చీమయిలే' తీసినప్పుడు, ఆ క్రొత్త సంగీత దర్శకుడు మదురై సీమ పల్లె కథకు గొంతు కోసము వెదకి వెదకి పిలిపించినది పాత వాసుదేవన్‌నే. చిత్రతో కలిసి ఆయన అందు పాడినారు. పదునారేండ్లలో పల్లె పాటకు మారుగొంతు దొరకలేదన్న మాట.

కడపటి సంవత్సరములలో పక్షవాతము ఆయనను కట్టివేసినది. ధాటిగా పాడిన కంఠమునకు మాటయే బరువైనది. 2011 ఫిబ్రవరి 20న మదరాసులో, అనగా చెన్నపట్నములో, మరణించినారు. అప్పటికి వయస్సు అరువదియారు.

కుమారుడు యుగేంద్రన్, కుమార్తె ప్రశాంతిని ఇద్దరును గాయకులే. వారి పేర్ల ముందు మలేషియా లేదు. ఆ దేశము తండ్రి తరముతో ఆగిపోయినది. తండ్రి మరణమునకు నెల దినములకు ముందు, 2011 సంక్రాంతికి, 'ఆడుకళం' అను చిత్రము విడుదలైనది. మదురై కోడిపందెముల కథ. అందలి ప్రేమగీతమును ప్రశాంతినితో కలిసి పాడినవారిద్దరు: ఒకరు చరణ్, మరియొకరు ఆయన తండ్రి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము.